ఆమోదం పొందిన హాయ్

కొబ్బరి పీచు నాణ్యతా పర్యవేక్షణ శాఖ అని ఒకటుందన్న సంగతి అమలాపురంలో పీచు తీసేవాళ్లకు కూడా తెలియదు. అయినా ఉంది. పన్నెండు మంది ఉద్యోగులు, వారి మీద ఒక ప్రాంతీయాధికారి, పద్నాలుగు బీరువాలు, గోడకు అద్దాల పెట్టెలో నాణ్యమైన పీచు నమూనా ఒకటి. ఆ పెట్టె తాళంచెవి ఉన్న మనిషి బదిలీ అయి పదకొండేళ్లయింది కనక, లోపలి పీచు నాణ్యత గురించి ఎవరూ ప్రస్తావించడం లేదు.

ఆ ఆఫీసుకు మొదటి కంప్యూటరు వచ్చిన రోజుల మాట ఇది. సెల్‌ఫోన్లు ఇంకా పెద్దమనుషుల జేబులు దాటి రాలేదు. రాజధానిలో ఎవరికో కంప్యూటరు మీద మోజు పుట్టింది. పెద్దవాళ్ల మోజు ఊరికే ఉండదు కదా, ఉత్తర్వై కూర్చుంది. అందులో రెండు అంశాలున్నాయి. ఒకటి: మార్చి ముప్పై ఒకటో తేదీలోగా టైపిస్టులందరూ కంప్యూటరు పరిజ్ఞానం సంపాదించాలి. సంపాదించని వారిని మిగులు సిబ్బందిగా ప్రకటించి, రాష్ట్రం ఆ చివరనున్న మడకశిర పంపిస్తారు. రెండు: కంప్యూటరు విలువైన ప్రభుత్వ ఆస్తి కాబట్టి, కంప్యూటరు పరిజ్ఞానం లేనివారెవరూ దాన్ని తాకరాదు.

ఆఫీసు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క టైపిస్టు గొలకోటి పేరిందేవి. యాభై నాలుగేళ్లు. ఆ మార్చి దాటితే రిటైరవడానికి సరిగ్గా నాలుగేళ్ల సర్వీసు మిగులుతుంది. తెలుగు, ఇంగ్లీషు రెండు మిషన్ల మీదా ఆవిడ వేళ్లు వానచినుకుల్లా పడేవి. ఉత్తర్వును సర్క్యులరుగా టైపు చేసింది ఆవిడే. కొడుతున్నంతసేపూ ఏం కొడుతోందో ఆవిడకు తెలియలేదు. ఇరవై ఏడేళ్ల అలవాటు అది. కాగితం మిషన్లోంచి తీసి తప్పులు చూసుకుంటుంటే అప్పుడు గుండె గుభేలుమంది.

ఆవిడ భర్త వీర్రాజు ఎర్రవంతెన దగ్గర టైలరు. కుట్టుమిషనంటే ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. ముప్పై ఏళ్లుగా కొలతలిచ్చిన ఊరినెలా మోసుకుపోతాడు?

పేరిందేవి తిన్నగా సూపరింటెండెంటు వక్కలంక భీమశంకరం దగ్గరికి వెళ్లింది.

"ముట్టుకోకుండా ఎలా నేర్చుకుంటానండి?"

"నేనూ అదే అడిగానమ్మా పైవాళ్లని. ముందు నేర్చుకుని, తర్వాత ముట్టుకోమన్నారు."

"ఎక్కడ నేర్చుకోమంటారండి మరి?"

"అది ఉత్తర్వులో లేదు. లేనిది నేను చెప్పానంటే రేపు నా మెడకి చుట్టుకుంటుంది. నన్నొగ్గెయ్ తల్లీ" అన్నాడు భీమశంకరం. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై మూడేళ్లు ఉద్యోగం చేశాడంతే.

కంప్యూటరు మాత్రం సుఖంగా ఉంది. దానికో ఏసీ గది, మీద జరీ అంచు గుడ్డ, నుదుటన కుంకుమ. అటెండరు చిట్టెయ్య రోజూ ఉదయం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, అగరొత్తి వెలిగించి, తలుపు తాళం వేసి వచ్చేవాడు.

పేరిందేవి వారం రోజులు తిండి సయించక తిరిగి, చివరికి ఒక సాయంత్రం గడియారస్తంభం దగ్గరున్న నెట్ సెంటరు మెట్లెక్కింది. దాని యజమాని సత్యానందం. మొన్నటిదాకా అక్కడే వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు.

"నేర్పడానికి నాకూ పెద్దగా రాదండి" అని నిజం చెప్పేశాడాయన. "ఆన్ చేయడం, ఆపేయడం, మధ్యలో బిగుసుకుపోతే తిట్టడం, ఈ మూడే వచ్చు. ఇందులో ఛాట్ రూములని ఉంటాయండి. దేశంలో పనిలేనోళ్లంతా అక్కడే కాపురం. పనిలేనోళ్లకి ఓపికెక్కువ. అడిగి చూడండి."

కంప్యూటరు నేర్చుకునేవాళ్ల గదంటూ ఒకటి వెతికి, 'టైపిస్టు' అని పేరు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టాడు. తెర మీద నలభై మంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు గిలుకుతున్నారు. పేరిందేవి వేళ్లు మీటల మీద పెట్టింది. వేళ్లు కదల్లేదు. ఎదురుగా డ్రాఫ్టు లేదు మరి! పైవాళ్లు రాసిచ్చింది చూసి కొట్టడం తప్ప, తనంతట తాను ఒక్క వాక్యం కొట్టిన పాపాన ఆవిడెన్నడూ పోలేదు. పావుగంట కూర్చుని, చెమటలు తుడుచుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ రాత్రి వీర్రాజు కొలతల పుస్తకం వెనక అట్ట మీద డ్రాఫ్టు రాసుకుంది. మర్నాడు దాన్ని ఎదురుగా నిలబెట్టి ఒక్క ఊపున కొట్టింది: "అయ్యలారా, అమ్మలారా! విషయము: కంప్యూటరు నేర్చుకొనుట గురించి. పై విషయమై మనవి చేయునది ఏమనగా, ఈ క్రింద పేర్కొనబడిన నేను కంప్యూటరు గురించి బొత్తిగా ఎరుగను. కావున తమరు దయతో..." అలా పన్నెండు వరుసలు, నిమిషంలో.

గదంతా నిర్ఘాంతపోయింది. "ఇది మనిషి కాదురోయ్, మిషను" అన్నాడొకడు. ఇంకొకడు వయసు, ఆడో మగో, ఊరు అడిగాడు. పేరిందేవి పుట్టిన తేదీ, భర్త పేరు, రిటైరయ్యే తేదీతో సహా ఇచ్చింది. మగవాళ్లందరూ మూకుమ్మడిగా మాయమయ్యారు. ఒక్కరు మిగిలారు. ఆ మనిషి పేరు 'గునుగుపువ్వు'.

"అక్కా, గింత జెప్పన ఎట్ల కొడ్తున్నవ్? నాకు కండ్లు తిరుగుతున్నయ్!" అంది గునుగుపువ్వు. "నేను కరీంనగర్ల ఉంట. కాలేజీల కంప్యూటర్ గది ఊడుస్త. ఊడ్సుకుంట ఊడ్సుకుంట నేర్సుకున్న. నీకేం గావాలె, అడుగు."

"కంప్యూటరు నేర్చుకొనుటకు తమ అనుమతి కోరుచున్నాను."

"అనుమతేంది? కాయితం సూసి కొడ్తున్నవా ఏంది?"

"అవును. డ్రాఫ్టు."

"అది పక్కకు పెట్టక్కా. నీ మాట రాయి."

పేరిందేవి కొలతల పుస్తకం మూసింది. చాలాసేపు మీటల వంక చూసింది. తర్వాత ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, మొదటిసారి మిషను ముందు కూర్చున్న పిల్లలా, కొట్టింది: "నాకు భయంగా ఉంది."

"గంతే! ఇగ సగం నేర్సుకున్నట్టే" అంది గునుగుపువ్వు. ఆ ముక్క చూసి పేరిందేవికి ఎందుకో కళ్లు చెమర్చాయి. భయంగా ఉందన్నదే తన జీవితంలో సొంతంగా టైపు చేసిన మొదటి వాక్యమని ఇంటికి వెళ్లాక భర్తకు చెప్పింది.

మూడు వారాలు గడిచేసరికి ఆవిడకు కంప్యూటరు తెరవడం, మూయడం, రాసింది దాచడం, అచ్చు తీయడం, ఉత్తరం పంపడం అన్నీ వచ్చేశాయి. ఇద్దరూ కూరల గురించి కూడా మాట్లాడుకోవడం మొదలెట్టారు. మడకశిర భయం సగం తగ్గింది.

అంతలో భీమశంకరం మనవడికి కంప్యూటరు జాతకం వేయించడానికి అదే సెంటరుకు వచ్చాడు. పేరిందేవి తెర ముందు కూర్చుని పకపకా నవ్వడం కళ్లారా చూశాడు. ఆఫీసులో ఆవిడ నవ్వడం ఆయనెన్నడూ చూసి ఉండలేదు. ఏదో తప్పు జరుగుతోందని అర్థమైంది.

మర్నాడు మెమో పుట్టింది. "సదరు ఉద్యోగిని గుర్తు తెలియని వ్యక్తితో, కార్యాలయాధిపతి పూర్వానుమతి లేక, ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుట ప్రవర్తనా నియమావళికి విరుద్ధము. సంజాయిషీ ఇవ్వవలెను." ఆఫీసులో టైపిస్టు ఒక్కతే కాబట్టి మెమో ఆవిడే కొట్టుకుంది. తప్పుల్లేవు. కింద ఎడమపక్క, టైపు చేసినవారి పొడి అక్షరాలు వేసే ఆనవాయితీ ప్రకారం, జి.పే. అని కూడా వేసుకుంది. సంజాయిషీ కూడా ఆవిడే కొట్టింది.

ప్రాంతీయాధికారి మార్తాండరావు పిలిపించాడు. ఆయన గొంతు ఎప్పుడూ ప్రారంభోత్సవంలో రిబ్బను కట్ చేస్తున్నట్టే ఉంటుంది.

"చూడమ్మా, నేను ఆధునికతకు వ్యతిరేకిని కాను. ఛాటింగ్ ద్వారా పరిజ్ఞానము అనునది చక్కటి ప్రయోగము. రాష్ట్రములోనే మనము ప్రథమము కావచ్చును. అయితే ఆధునికత అనునది సక్రమ మార్గములో రావలెను. కనుక మీ ఛాటింగును రద్దు చేయుట లేదు. క్రమబద్ధము చేయుచున్నాను."

క్రమబద్ధం ఇలా జరిగింది. గునుగుపువ్వుకు పంపదలచిన ప్రతి మాటకూ ముందు డ్రాఫ్టు తయారవుతుంది. దాని మీద గుమాస్తా, భీమశంకరం, మార్తాండరావు సంతకాలు పెడతారు. నంబరు పడుతుంది. అప్పుడు పేరిందేవి చిట్టెయ్యను వెంటబెట్టుకుని నెట్ సెంటరుకు వెళ్లి, డ్రాఫ్టులో ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. ఒక్క అక్షరం ఎక్కువ కొడితే చిట్టెయ్య రిపోర్టు చేయాలి. వచ్చిన జవాబు అచ్చు తీసి, ఆఫీసు ముద్ర వేసి, మళ్లీ కింది నుంచి పైకి పంపాలి.

మొదటి డ్రాఫ్టు ఒకటే మాట: "హాయ్."

"హాయ్ అను పదము అధికార భాషలో లేదు. నమస్కారము అని మార్చవచ్చును" అని భీమశంకరం ఫైల్లో రాశాడు. "చర్చించండి" అని మార్తాండరావు రాశాడు. చర్చించారు. "ఎదుటివారి హోదా తెలియనందున నమస్కారము ముందుగా ఎవరు చేయవలెనో నిర్ణయించుట కష్టము" అని తేలింది. తొమ్మిదో రోజున "హాయ్ (నమస్కారము అని గ్రహించవలెను)" అన్న పాఠానికి ఆమోదం లభించింది.

జవాబు క్షణంలో వచ్చింది. "అక్కా! ఏడవోయినవ్? తొమ్మిది దినాలాయె. పానం మంచిగున్నదా? :)"

ఆ కాగితం ఆఫీసును పదకొండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఉద్యోగిని ఆరోగ్యం గురించి బయటివారికి చెప్పవచ్చునా అన్నది ఒక చిక్కు. డాక్టరు సర్టిఫికెట్టు తెప్పించి దాన్ని దాటారు. అసలు చిక్కు చివరనుంది.

"ఇక్కడ బ్రాకెట్టు మూసి ఉందమ్మా" అన్నాడు భీమశంకరం కళ్లద్దాలు పైకెత్తి. "ఎక్కడా తెరిచినట్టు దాఖలా లేదు. తెరవకుండా ఎలా మూస్తారు?"

"అది నవ్వండి. పక్కకి తలవాల్చి చూడండి, కళ్లూ నోరూ కనపడతాయి."

భీమశంకరం తల వాల్చి చూశాడు. మెడ పట్టేసిందే గాని నవ్వు కనపడలేదు. పాత కాగితాలన్నీ తిరగేశారు. పేరిందేవి ఎప్పుడైనా బ్రాకెట్టు తెరిచి వదిలేసిందా అని రెండు రోజులు వెతికారు. దొరకలేదు. చివరికి మార్తాండరావు తన అనుభవమంతా ఉపయోగించి పరిష్కారం చెప్పాడు. ఆ లోటు మన తరఫున భర్తీ చేయాలన్నాడు. అలా ప్రభుత్వ నంబరుతో, మూడు సంతకాలతో, తెరిచిన బ్రాకెట్టు ఒక్కటి కరీంనగర్ వెళ్లింది.

"గిదేంది?" అని గునుగుపువ్వు జవాబిచ్చింది. దాని మీద మళ్లీ ఫైలు నడిచింది.

ఫిబ్రవరి నెల పొడుగునా అసలు విషయం మీద ఉత్తరాలు నడిచాయి. "కంప్యూటరును ప్రారంభించు విధానము తెలియజేయవలెను" అని ఆఫీసు అడిగింది. "గుండ్రటి బటన్ ఒత్తు" అని జవాబొచ్చింది. అంత ముఖ్యమైన పనికి ఇంత చిన్న జవాబేమిటని మార్తాండరావుకు అనుమానం తగిలింది. "ఏ చేతితో, ఏ వేలితో ఒత్తవలెను? బాధ్యత ఎవరిది?" అని డ్రాఫ్టు వచ్చింది.

పేరిందేవి ఆ డ్రాఫ్టు చేత్తో పట్టుకుని నెట్ సెంటరులో చాలాసేపు కూర్చుంది. ఆ బటను తాను వందసార్లు ఒత్తింది. ఎదుట ఉన్నది తనకు ఒత్తడం నేర్పిన మనిషి. వెనక చిట్టెయ్య నిలబడి ఉన్నాడు. ఇరవై ఏడేళ్లలో ఒక డ్రాఫ్టు చూసి ఆవిడెప్పుడూ సిగ్గుపడలేదు. ఆ రోజు తల కొట్టేసినట్టయింది. అయినా కొట్టింది.

"అక్కా" అంది గునుగుపువ్వు. "నిజం జెప్పు. నిన్నెవలన్న కిడ్నాప్ జేసిన్రా?"

ఈ ప్రశ్నకు జవాబు మాత్రం త్వరగానే, ఆరు రోజుల్లో ఆమోదమైంది: "కిడ్నాప్ జరుగలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

మార్చి ఆఖరి వారంలో పరీక్ష పెట్టారు. కంప్యూటరును తాకకూడదు కాబట్టి కాగితం మీదే. పేరిందేవికి తోడు, ఎలాగూ పెడుతున్నారు కదా అని భీమశంకరం, చిట్టెయ్య కూడా రాశారు. ప్రశ్నలూ జవాబులూ మార్తాండరావు ఆఫీసు ఫైలు చూసి స్వయంగా తయారు చేశాడు. మొదటి ప్రశ్న: కంప్యూటరును ఎట్లు ప్రారంభించెదరు?

"గుండ్రటి బటను ఒత్తెదము" అని పేరిందేవి రాసింది. తప్పు. "ఈ విషయము ఉత్తర ప్రత్యుత్తరములలో ఉన్నది" అని భీమశంకరం రాశాడు. ఒప్పు. మిగతా తొమ్మిది ప్రశ్నలూ ఇదే తీరు. ఆయనకు నూటికి నూరు వచ్చాయి. చిట్టెయ్య కాగితం తెల్లగా ఇచ్చేశాడు. తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోనందుకు యాభై వేసి పాస్ చేశారు. పేరిందేవికి సున్న.

ఆ సాయంత్రం ఆవిడ వీర్రాజు దుకాణంలో బల్ల మీద కూర్చుని భోరున ఏడ్చింది.

"ఊరుకో. మడకశిరలో జనం చొక్కాలు తొడుక్కోరా ఏంటి? కుట్టుకుని బతకలేనా?" అన్నాడు వీర్రాజు. అంటూనే కొలతల పుస్తకాల దొంతర వంక చూశాడు. ఆ చూపు ఆవిడ కంటబడింది.

ఏప్రిల్ మొదటి తేదీన రాజధాని నుంచి ఇంకో కబురొచ్చింది. మిగులు సిబ్బంది ఉత్తర్వులు ఇకమీదట కంప్యూటరులో టైపు చేసి, కంప్యూటరు ద్వారానే పంపాలి. కాగితం మీద పంపితే చెల్లవు.

నూటికి నూరు తెచ్చుకున్న భీమశంకరం చెప్పులు విడిచి ఏసీ గదిలోకి వెళ్లాడు. జరీ గుడ్డ తీశాడు. దణ్ణం పెట్టాడు. గుండ్రటి బటను ముందు చూపుడువేలు చాపి, వెనక్కి తీసి, బొటనవేలు చాపి, అదీ వెనక్కి తీశాడు. గంట తర్వాత బయటికి వచ్చాడు.

"ఏ వేలన్నది ఇంకా తేలలేదు కదమ్మా" అన్నాడు పేరిందేవితో, దాదాపు ఏడుపు గొంతుతో. "నీకు... వచ్చు కదూ?"

"రాదని మీరే తేల్చారు కదండి."

"ఆఫీసుగా తేల్చాం తల్లీ. మనిషిగా అడుగుతున్నాను."

మార్తాండరావు ఆలోచించి, పరిజ్ఞానం లేని ఉద్యోగినికి ఒక గంటసేపు కంప్యూటరును తాకేందుకు తాత్కాలిక అనుమతి మంజూరు చేశాడు. ఆఫీసంతా గుమ్మం దగ్గర చేరింది. పేరిందేవి ఏ వేలితో ఒత్తిందో ఎవరూ గమనించేలోపే తెర వెలిగింది. చిట్టెయ్య చెంపలేసుకున్నాడు.

డ్రాఫ్టు ఎదురుగా నిలబెట్టారు. "శ్రీమతి జి. పేరిందేవికి కంప్యూటరు పరిజ్ఞానము బొత్తిగా లేదని శాస్త్రీయముగా నిర్ధారణ అయినందున, ఆమెను మిగులు సిబ్బందిగా ప్రకటించుచూ, మడకశిరకు..." ఆవిడ నాలుగు నిమిషాల్లో కొట్టేసింది. ఒక్క తప్పు లేదు. కింద ఎడమపక్క జి.పే. అని వేయబోయి ఆగింది.

ఎప్పటిలా రెండు పొడి అక్షరాలు వేసి లేచిపోవచ్చు. కానీ ఆ క్షణాన ఆవిడకు ఒళ్లు మండింది. వేళ్లు మీటల మీద ఆనించి, ఎవరూ రాసివ్వని వాక్యం ఒకటి కొట్టింది: "పై ఉత్తర్వును కంప్యూటరులో టైపు చేసినది, పంపినది నేనే. జి. పేరిందేవి." కొట్టి, ఎవరైనా చదివేలోపు పంపేసింది.

పదిహేడు రోజులకు రాజధాని నుంచి జవాబొచ్చింది. దాన్ని కంప్యూటర్లో తెరిచి చదివిందీ ఆవిడే.

"మీ ఉత్తర్వు పరిశీలించడమైనది. సదరు ఉత్తర్వును కంప్యూటరు పరిజ్ఞానము బొత్తిగా లేని వ్యక్తి టైపు చేసి పంపినట్లు అందులోనే తేటతెల్లమగుచున్నది. పరిజ్ఞానము లేనివారు పంపినది అందినట్లుగా పరిగణింపబడదు. కావున పరిజ్ఞానము ఉన్నవారిచే తిరిగి పంపవలెను. అంతవరకు సదరు ఉద్యోగిని యథాస్థానమున కొనసాగవలెను."

అయితే పరిజ్ఞానం ఉన్నవారు ఆఫీసులో ఇద్దరే. ఒకరికి వేలు తేలలేదు. రెండోవారు కంప్యూటరును చూస్తే చెంపలు వేసుకుంటారు. కాబట్టి నెల తిరిగేసరికి మళ్లీ పేరిందేవినే పిలిచారు. మళ్లీ గంట అనుమతి ఇచ్చారు.

"ఈసారి ఆ చివరి వాక్యం వద్దమ్మా" అని భీమశంకరం బతిమాలాడు.

"అది లేకపోతే ఎవరు టైపు చేశారో దాఖలా ఉండదు కదండి. రేపు ఎవరైనా అడిగితే?"

భీమశంకరం ముఖంలో భయం కదలాడింది. "అవునవును. దాఖలా ఉండాలి. ఉంచు, ఉంచు" అన్నాడు.

మళ్లీ పంపారు. మళ్లీ అందలేదు. ఆ పై నెలా అంతే. క్రమంగా అదొక పద్ధతిగా స్థిరపడింది. నెల మొదటి తేదీన చిట్టెయ్య జరీ గుడ్డ తీసి, అగరొత్తి వెలిగించి, పేరిందేవికి కుర్చీ వేస్తాడు. నాలుగు నిమిషాల్లో ఉత్తర్వు అయిపోతుంది. గంటలో యాభై ఆరు నిమిషాలు మిగులుతాయి. వాటి గురించి ఏ ఉత్తర్వులోనూ లేదు.

మరుసటి ఫిబ్రవరి మొదటి తేదీన తెర మీద గునుగుపువ్వు పలకరించింది.

"ఏం జేస్తున్నవక్కా?"

"నన్ను తీసేసే ఉత్తర్వు కొడుతున్నా చెల్లీ."

"ఎన్నోసారి?"

"పదకొండోసారి."

"ఇగ రిటైరయ్యే దాంక ఎన్ని కొట్టాలె?"

పేరిందేవి వేళ్ల మీద లెక్క పెట్టింది. "ముప్పై ఏడు" అని కొట్టింది. తర్వాత రెండు చుక్కలు పెట్టి, పక్కన బ్రాకెట్టు మూసింది. తెరవలేదు.